ఎవుల కొడుకువి బావూ?

కొత్త మనిషి గడపలోకొస్తే మావేపు ముందు మంచినీళ్లు ఇవ్వరు. ముందు అడుగుతారు. "ఏ వూరు బావూ? ఎవుల కొడుకువి?" అడిగేవాళ్లంతా చెడ్డవాళ్లని కాదు. జవాబును బట్టి గ్లాసు మారాలి కదా! స్టీలు గ్లాసా, గాజు గ్లాసా, దోసిలి పట్టమనాలా అన్నది ఆ జవాబులోనే తేలుతుంది.

నేను గురువునయ్యాక ఈ ప్రశ్న నన్ను వదిలేస్తుందనుకున్నాను. తెల్ల అంగీ వేసుకున్నవాడిని ఎవుల కొడుకువని ఎవరడుగుతారు? ఫాదర్ గారే అందరికీ తండ్రి. తండ్రికి తండ్రి ఎవరని అడగరు కదా అనుకున్నాను. అడుగుతారు. కాకపోతే కొంచెం మర్యాదగా అడుగుతారు. "ఫాదర్ గారిది ఏ ప్రాంతం? ఇంటిపేరేంటండీ?" అంటారు. ఇరవయ్యేళ్లకు పైగా ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పకుండా తప్పించుకు తిరిగాను. ఆ సంగతి, చివరికి ఆమదాలవలసలో నోరు తెరిచిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మేం రెల్లి వాళ్లం. ఉత్తరాంధ్ర బయట చాలామందికి ఈ పేరే తెలీదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పట్టణాల్లో తెల్లారకముందే రోడ్లు ఊడ్చేవాళ్లలో, గంపల్లో పళ్లు పెట్టుకుని బజారు వీధిలో కూర్చునేవాళ్లలో మావాళ్లు ఎక్కువ. ఇంట్లో మాకు వేరే భాష ఉంది. ఒడియా పోలిక ఉంటుంది దానికి. గడప దాటితే తెలుగు. ఊరికి మాలపేట ఎడమైతే, ఆ మాలపేటకు కూడా ఎడంగా ఉంటుంది మా పేట. అంటరానితనానికి మెట్లున్నాయని అంబేడ్కర్ పుస్తకాల్లో తర్వాతెప్పుడో చదువుకున్నాను. కానీ ఆ మెట్లలో అడుగు మెట్టు ఎలా ఉంటుందో నాకు ఐదేళ్లకే తెలుసు. దాని మీదే కదా మేం కూర్చునుండేది!

మా అయ్య రైల్వేలో సఫాయివాలా. 1980 నుంచి 1988 దాకా ఆయన పనిచేసింది ఆమదాలవలసలో. ఆ స్టేషను సంగతొకటి చెప్పాలి. ఉన్నది ఆమదాలవలసలో, బోర్డు మీద పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. జిల్లా కేంద్రానికి రైలు లేదు. ఆ పెద్ద ఊరికి వెళ్లేవాళ్లు ఇక్కడ దిగి బస్సెక్కాలి. అంచేత స్టేషను పెద్ద ఊరి పేరు పెట్టుకుంది, ఉన్న ఊరి పేరు వదిలేసుకుంది. చిన్నప్పుడు నాకది విచిత్రంగా ఉండేది. పెద్దయ్యాక నేనూ అదే పని చేశాను.

హౌరా నుంచి మద్రాసు పోయే బళ్లూ, మద్రాసు నుంచి హౌరా పోయే బళ్లూ ఆ స్టేషన్లో ఆగేవి. బండి నిలబడి ఉండగా మరుగుదొడ్డి వాడొద్దని పెట్టెల్లో రాసి ఉండేది. ఎవరు చదువుతారు? బండి కదిలాక పట్టాల మధ్య మిగిలినదంతా మా అయ్యది. ఒక రేకు, ఒక చీపురు, ఒక బకెట్టు, బ్లీచింగ్ పౌడరు డబ్బా. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడగా నేను ఎక్కువసార్లు చూడలేదు. ఎప్పుడూ కిందే, పట్టాల మధ్యే. పైన నిలబడ్డవాళ్ల మోకాళ్లు ఆయన కళ్లకు ఎదురుగా ఉండేవి. మా అమ్మ స్టేషను బయట గంప దించి జామకాయలు, సీతాఫలాలు, వేసవిలో తాటిముంజెలు అమ్మేది. సఫాయివాలా పెళ్లామని తెలిసినవాళ్లు కొనేవాళ్లు కాదు. తెలీనివాళ్లు కొని, కడుక్కుని తినేవాళ్లు. కాయ కొనకముందు కూడా ఎవుల దానివని అడిగేవాళ్లున్నారు. అమ్మ నవ్వేసి, "జాంకాయకి కులమేటి బావూ, పురుగుంటే ఇచ్చీ, మార్సుతాను" అనేది.

ఆ రోజుల్లో విచారణ గురువు ఒకాయన నెలకోసారి పల్లెలు తిరగడానికి అక్కడ రైలు దిగేవారు. ఆయనది ఏ రాష్ట్రమో, ఏ కులమో మాకు తెలీదు. ఒకరోజు మా అయ్య పట్టాల మధ్య నుంచి పైకెక్కుతుంటే ఆయన చెయ్యి అందించారు. అయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కడుక్కోనేదు బాబూ" అన్నాడు. ఆయన వంగి ఆ చేతినే పట్టుకుని పైకి లాగారు. అంతే జరిగింది. ఆ రాత్రి అయ్య తినకుండా కూర్చున్నాడు. "ఆ బాబు నా సెయ్యి ముట్టుకున్నాడే" అని అమ్మతో రెండుమూడుసార్లు అన్నాడు. ఆరు నెలలకు మేం జ్ఞానస్నానం తీసుకున్నాం. మతం మార్పిడి మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్లున్నారు. బియ్యం కోసం మారారన్నారు, పాలపొడి కోసం మారారన్నారు. మాకు బియ్యం ఎవరూ ఇవ్వలేదు. ఒక చెయ్యి ఇచ్చారు. నేను గురువు కావాలనుకున్నది కూడా ఆ చెయ్యిని చూసే.

1990లో పదో తరగతి అయ్యాక నన్ను గురువిద్యాలయంలో చేర్చారు. ఏ ఊళ్లోదో రాయను. మొదటి రోజు కొత్త పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పరిచయం చేసుకోమన్నారు. పేరు, ఊరు, తండ్రి పని చెప్పాలి. నా ముందున్నవాడు "మా నాన్నగారికి పాతిక ఎకరాల మాగాణి" అన్నాడు. ఇంకొకడు "మా నాన్నగారు హెడ్మాస్టరు" అన్నాడు. నా వంతు వచ్చింది. "మా నాన్నగారు రైల్వేలో" అన్నాను. అబద్ధం కాదు. రెక్టరు గారు తలూపారు. పక్కవాడు "గార్డా? స్టేషను మాస్టరా?" అని చెవిలో అడిగాడు. నేను నవ్వాను. మా అయ్యను "నాన్నగారు" అన్నది కూడా ఆ రోజే మొదలు. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ వాడలేదు మేం.

నేను అక్కడ చదువుతుండగానే, 1993లో, విశాఖపట్నం పీఠం నుంచి విడదీసి శ్రీకాకుళం పీఠం ఏర్పాటు చేశారు. మా ప్రాంతానికి సొంత పీఠాధిపతి వచ్చారని పేటలో అందరూ సంబరపడ్డారు. 1999లో అయ్య పోయాడు. 2002లో నాకు గురుపట్టాభిషేకం అయింది. అమ్మ ముందు వరసలో కూర్చుంది. బలిపీఠం ముందు నేను బోర్లా పడుకున్నప్పుడు ఆమె ఏడ్చిందట, తర్వాత చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఫాదర్ గోరు" అనేది. వద్దంటే వినేది కాదు.

కొన్నాళ్లకు నన్ను దక్షిణాన వేరే జిల్లాలో ఒక పెద్ద విచారణకు పంపారు. ఆ ఊరి పేరు కూడా రాయను. అక్కడ కతోలికుల్లో రెండు రకాలవాళ్లు. ఊరి కతోలికులు, పల్లె కతోలికులు. అగ్రకులం నుంచి ఎప్పుడో తాతల కాలంలో మారినవాళ్లు ఊళ్లో ఉంటారు. మాల మాదిగలు పల్లెలో ఉంటారు. గుడి ఒకటే, పూజ ఒకటే. కూర్చునే చోట్లు వేరు. సమాధుల దొడ్డిలో మధ్య ఒక కాలిబాట ఉండేది, చచ్చినవాళ్లు కూడా దాన్ని దాటకూడదు. సంఘపెద్దలంతా ఊరివాళ్లే. వెళ్లిన వారానికే అడిగారు, "ఫాదర్ గారి ఇంటిపేరు ఏమిటండీ?" చెప్పాను. మా ఇంటిపేరు వెలమల్లోనూ ఉంది. వాళ్ల ముఖాలు విప్పారాయి. "ఓహో, శ్రీకాకుళం వైపు వెలమలన్నమాట!" నేను అవుననలేదు. కాదనలేదు. కాదనకపోవడంతోనే నాకు మంచి మంచం వచ్చింది, వాళ్లిళ్లల్లో భోజనాలు వచ్చాయి, స్టీలు గ్లాసులు వచ్చాయి.

2006లో సీతాఫలాల రోజులవి. ఆదివారం పూజ అయ్యాక మేడ వరండాలో సంఘపెద్దలతో కూర్చుని ఉన్నాను. గుడికి రంగులు వెయ్యడం గురించి మాటలు నడుస్తున్నాయి. గేటు తీసిన చప్పుడయింది. నెత్తిన గంపతో అమ్మ. కాళ్లకు చెప్పుల్లేవు. రాత్రంతా పాసింజరు బండిలో కింద కూర్చుని వచ్చింది. గంపలో సీతాఫలాలు, నాకోసం దోరవి ఏరి తెచ్చింది. మెట్ల దగ్గర గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, నావేపు చూసి నవ్వింది.

పెద్దాయన అడిగాడు, "ఎవరు ఫాదర్, ఈవిడ?"

"మా ఊరి మనిషి" అన్నాను.

నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు. కత్తి మెడ మీద పెట్టలేదు. ఆ మాట నా నోట్లో ఎన్నాళ్ల నుంచో తయారుగా ఉన్నట్టుంది, అలా వచ్చేసింది.

అమ్మ విన్నది. ఆమె ముఖంలో నవ్వు పోలేదు, కానీ ఆ నవ్వు మారింది. జామకాయకు కులమేటని అడిగేటప్పటి నవ్వది. "అవును బాబూ, ఫాదర్ గోరిది మా వూరే. ఇటేపు సుట్టాల కాడికొచ్చినాను. సూసెల్దారని" అంది. నా అబద్ధానికి తను సాక్ష్యం పలికింది. నన్ను కాపాడింది.

వెనక వరండాలో వంటమనిషి ఆమెకు అన్నం పెట్టింది. తిన్నాక కంచం తానే కడిగి బోర్లించింది. ఎవరూ చెప్పకుండానే. సాయంత్రం బండికి వెళ్లిపోయింది. నేను స్టేషనుకి వెళ్లలేదు. వంటమనిషి చేత ఐదొందలు పంపాను. ఆ నోటు అమ్మ తీసుకోలేదు, సీతాఫలాల గంప ఖాళీ చేసి గంప మాత్రం పట్టుకెళ్లింది.

ప్రతి ఏడూ పవిత్ర శుక్రవారం నాడు పేతురు కథ చదవాల్సి వస్తుంది. చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే, ఆ మనిషెవరో నాకు తెలీదన్నాడు పేతురు. ఆయనకు ప్రాణభయం ఉంది. నాకేముంది? మంచం పోతుందని, స్టీలు గ్లాసు పోతుందని.

తర్వాత కూడా నేను మారలేదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోని లక్ష్మీపేటలో దళితుల్ని చంపారు. మద్దువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూమిలో మిగిలిన చెక్కను సాగు చేసుకున్నందుకు ఐదుగురి ప్రాణాలు తీశారు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. అవి దూరం అనుకునేవాళ్లం. ఇది మా జిల్లా, మా నాగావళి వేపు నేల. ఆ ఆదివారం పూజలో నేనేం చేశాను? "మన రాష్ట్రంలో శాంతి కోసం ప్రార్థిద్దాం" అన్నాను. ఎవరు ఎవర్ని చంపారో చెప్పలేదు. లక్ష్మీపేట అన్న పేరు కూడా నా నోట రాలేదు. చనిపోయినవాళ్లను కూడా మా ఊరి మనుషులు అన్నట్టే పక్కన పెట్టాను.

2015లో విజయనగరంలో అమ్మ పోయింది. ఆఖరి రోజు అవస్థ అభ్యంగనం నేనే చేశాను. నూనె రాయడానికి చేతులు పట్టుకున్నాను. గంప మోసి మోసి, ఏరి ఏరి, ఆ వేళ్లు వంకర్లు పోయాయి. ఇన్నేళ్లలో ఎంతోమంది పాపసంకీర్తనం విన్నవాణ్ణి నేను. నా పాపం ఆమెకు చెప్పుకుందామని నోరు తెరిచాను. "ఫాదర్ గోరూ, అన్నం తిన్నారా?" అంది. ఇంకేం చెప్పను?

మధ్యలో చట్టం సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఈ దాక్కోవడమంతా నా ఒక్కడి పిరికితనమే అనుకుంటారు. పిరికితనం నాదే, కాదనను. కానీ దాక్కోవడానికి గోతులు తవ్విపెట్టింది వేరేవాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాడు. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బి.సి.-సి. ఒక్క శాతం రిజర్వేషన్. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మమ్మల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. తీర్మానంతో చట్టం మారదు కదా. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ చెయ్యొచ్చని తీర్పిచ్చాక, 2025లో మన రాష్ట్రంలో రెల్లి, దాని ఉపకులాలను ఒక గ్రూపు చేసి ఒక్క శాతం ఇచ్చారు. ఆ ఒక్క శాతంలో కూడా నేను లేను. కాగితం ప్రకారం నేను రెల్లివాణ్ణి కాను. ఊరి ప్రకారం రెల్లివాణ్ణే. అందుకే మా పేటల్లో మనిషికి రెండు పేర్లు. గుడి రిజిస్టర్లో ఒకటి, ఆఫీసు సర్టిఫికెట్లో ఒకటి. పసిపిల్లకు జ్ఞానస్నానం ఇస్తుంటే తల్లి చెవిలో అంటుంది, "ఫాదర్, రిజిస్టర్లో రాయకండి." బతకడం కోసం దాక్కోవడం మాకు ప్రభుత్వమే నేర్పింది. ఒక్క దానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. పట్టాల మధ్య ఊడ్చడానికి.

2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారిని పోపు ఫ్రాన్సిస్ కార్డినల్ చేశారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ ఆయనే. మొదటి దళిత కార్డినల్ అని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్నవాళ్లలో ఆయన కూడా ఒకరు. ఆ వార్త వచ్చిన రోజు భోజనాల బల్ల దగ్గర తోటి గురువు ఒకాయన అన్నాడు, "కార్డినల్ గారికి కూడా కులం అంటగట్టాలా? అవమానం కాదూ?" నేను తలూపాను. ఊపాక అనిపించింది, అవమానం ఎవరికి? దళితుడు అన్న మాటే ఆయనకు అవమానంగా వినపడిందంటే, ఆ మాట మోసేవాళ్ల గురించి ఆయన ఏమనుకుంటున్నట్టు? నేను తలెందుకూపినట్టు? ఆ రాత్రి పేపరు ముక్క కత్తిరించి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. చూపించడానికి కాదు. అప్పటికి అంతే ధైర్యం.

2025 జూన్‌లో బదిలీ కాగితం వచ్చింది. ఆమదాలవలస వేపు పల్లెలకు విచారణ గురువుగా వెళ్లమని. మామూలుగా పెరిగిన ఊరికి వెయ్యరు. అక్కడ నేను పెరిగానని ఎవరికీ తెలీదు. నేను చెబితే కదా!

రైల్లోనే వెళ్లాను. దిగి రెండో ప్లాట్‌ఫారం చివర నిలబడి పట్టాల్లోకి చూశాను. ఇప్పుడు పెట్టెలకు బయో టాయిలెట్లు వచ్చాయి, పట్టాల మీద ఏమీ పడదు. మనుషుల చేత మలం ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఒక చట్టం వచ్చాయి. ఆ పోరాటం నడిపిన బెజవాడ విల్సన్ గారికి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అవన్నీ చూడ్డానికి అయ్య లేడు. ప్లాట్‌ఫారం ఊడుస్తున్న ఒకామె నా అంగీ చూసి పక్కకు తప్పుకుని చీపురు వెనక్కి పెట్టుకుంది. "ఎవుల అమ్మాయివి తల్లీ?" అని అడిగాను, మా ఇంటి భాషలో. ఆమె చాలాసేపు నా మొహం చూసింది. జవాబు మాత్రం తెలుగులో చెప్పింది, "కాంట్రాక్టు పని ఫాదర్." తను కూడా "రైల్వేలో" అంటోంది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఆదివారం నన్ను విచారణలో ప్రవేశపెట్టారు. పెద్ద గురువు గారు నియామక పత్రం చదివి, గుడి తాళాలు, మందసం తాళంచెవి నా చేతిలో పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. ఎక్కువమంది మాలపేటల వాళ్లు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక కూలికీ నాలికీ విశాఖ, హైదరాబాదు పోయినవాళ్ల తల్లిదండ్రులు. ఉపదేశి మాస్టారు మైకులో, "ఇప్పుడు ఫాదర్ గారు తమను తాము పరిచయం చేసుకుంటారు" అన్నారు.

జేబులో కాగితం ఉంది. ఎక్కడ చదివాను, ఏయే విచారణల్లో ఎన్నేళ్లు పనిచేశాను, అన్నీ రాసుకున్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాగితం తీశాను, మళ్లీ జేబులో పెట్టేశాను. చేతులు వణికాయి. యాభయ్యేళ్లవాణ్ణి, పదో తరగతి కుర్రాడిలా గొంతు ఎండిపోయింది. ఇలా అన్నాను:

"నన్ను ఫాదర్ గారు అంటున్నారు. మీరు అడగకముందే నేను ఎవుల కొడుకునో చెప్తాను. ఈ స్టేషన్లో ఎనిమిదేళ్లు పట్టాల మీద మలం ఎత్తిన సఫాయివాలా కొడుకుని. స్టేషను బయట జాంకాయలు అమ్మినామె కొడుకుని. మేం రెల్లివాళ్లం. ఒకసారి మా అమ్మ నన్ను చూడ్డానికి వస్తే, నలుగురి ముందు ఆమె నా తల్లి అని చెప్పలేదు. ఇప్పుడామె లేదు. అంచేత మీకు చెప్తున్నాను. నా చేతి నుంచి సత్ప్రసాదం తీసుకునే ముందు ఆ చెయ్యి ఎవరిదో మీకు తెలియాలి."

కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్ద గురువు గారు నేలవేపు చూస్తున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది మంచిదే అయింది.

సత్ప్రసాదానికి రెండు వరసలు. ఒకటి నా దగ్గరకు, ఒకటి సిస్టరమ్మ దగ్గరకు. నా వరసలో ఉన్న ఒక నడివయసాయన మధ్యలో ఆగి, పక్క వరసలోకి వెళ్లాడు. వరస పొడుగ్గా ఉందని వెళ్లాడో, ఇంకెందుకు వెళ్లాడో నేను చెప్పలేను. ఎదుటివాడి ప్రతి కదలికలో కులాన్ని వెతుక్కునే జబ్బు మాకు ఊరికే రాలేదు. కానీ ఆ రోజు ఆయన కదలిక నన్ను కూల్చలేదు. చెప్పాల్సింది చెప్పేశాను. ఇక తేల్చుకోవాల్సింది ఆయన.

పూజయ్యాక గుమ్మం దగ్గర ఒక ముసలామె కర్ర పోటేసుకుంటూ నా దగ్గరకొచ్చింది. నా మొహం దగ్గరగా చూసింది. "ఒలమ్మా! జాంకాయలమ్మ కొడుకువా నువ్వు? ముక్కు సీవిడి కారుకుంటా గంప పక్కన కూకునేవోడివి, నువ్వేనా?" అంది. అవునన్నాను. "మీయమ్మ కాడ అప్పెట్టి తినీదాన్ని. రెండ్రూపాయిలు ఇయ్యాల ఇంకా. మీరెలిపోనారు గదా" అని కొంగుముడి విప్పి రెండు రూపాయల బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. "మరి మీయమ్మకి ఎక్కడిత్తాను? నువ్వే ఉంచు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. మా అమ్మ గురించి నలుగురిలో నేను నిలబడి నవ్వడం అదే మొదలు.

కథ ఇక్కడ ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ పరిచయం అన్నది ఒక్క ఆదివారంతో అయ్యే పని కాదు. ఇళ్లు దీవించడానికి తిరుగుతూ మూడో వారంలో రెల్లిపేటకు వెళ్లాను. అక్కడ జ్ఞానస్నానం తీసుకున్న కుటుంబాలు నాలుగున్నాయి. రిజిస్టర్లో పేర్లున్నాయి, గుడిలో మనుషులు లేరు. విశ్వాసం సన్నగిల్లిందని పాత రిపోర్టుల్లో రాసి ఉంది. నేను కూడా ఎన్నో రిపోర్టుల్లో ఆ మాట రాశాను. ఎందుకు రావట్లేదమ్మా అని అడిగాను. ఒకామె చెప్పింది, "పూజ ఏడింటికి గదా ఫాదర్. నాలుగున్నరకి మస్టరు. పదకొండు దాకా రోడ్డు మీదే ఉంటాం. ఆదోరమైనా చెత్త ఆగదు గదా."

అంతే సంగతి. విశ్వాసం కాదు, మస్టరు. మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్లు ఉదయం ఏడింటికి గుడికి రాలేరని ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు. రెల్లివాణ్ణి నాకే తట్టలేదు. మా అయ్య కూడా పూజకు ఎందుకు వచ్చేవాడు కాదో అప్పుడర్థమైంది. నేనింతకాలం ఆయన నామోషీ వల్ల అనుకున్నాను. ఉదయం బండి ఉండేది.

విచారణ సంఘంలో ఈ మాట పెట్టాను. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇంకో పూజ పెడతానన్నాను. "నాలుగిళ్ల కోసమా ఫాదర్?" అన్నారు. కరెంటు ఖర్చన్నారు. పాటలు పాడేవాళ్లు రారన్నారు. "వాళ్లకు వేరే పూజంటే వాళ్లను వేరు పెట్టినట్టు కాదా?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. డిగ్రీ చదువుతున్నాడు, అంబేడ్కర్ సంఘంలో తిరుగుతాడు. "వేరే పూజ కాదు, అందరికీ రెండో పూజ. నువ్వు కూడా సాయంత్రం రా" అన్నాను. వస్తానన్నాడు.

మొదటి సాయంత్రం ఏడుగురు వచ్చారు. పేట నుంచి ఐదుగురు, ఆ కుర్రాడు, కర్ర పోటేసుకుంటూ ముసలామె. పేటవాళ్లు వెనక గోడ దగ్గర కూర్చున్నారు. ముందుకు రమ్మన్నాను. "ఇక్కడే బాగుంది ఫాదర్" అన్నారు. నేను బలవంతపెట్టలేదు. ప్రసంగం ముందు నిలబడి పూజ చేసే చోటు వదిలి, వెనక్కి నడిచి, వాళ్ల దగ్గర చాప మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తోచలేదు. చివరికి అడిగాను, మా ఇంటి భాషలో, "మీరు ఎవరి పిల్లలు?"

ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు.